గాయం మానితే చాలదు

'ఆపరేషన్ విజయవంతమైంది' అన్న మాట వైద్యుడి నోట వెలువడగానే, శస్త్రచికిత్స గది బయట గంటల తరబడి నిరీక్షిస్తున్న కుటుంబం గుండెల మీది బరువు దిగిపోతుంది. స్నానాలగదిలో కాలుజారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న డెబ్భై ఎనిమిదేళ్ల తల్లికి విరిగినచోట లోహపు కడ్డీ అమర్చారు. రక్తపోటు అదుపులో ఉంది. కుట్లు చక్కగా ఉన్నాయి. అంతా సవ్యంగా సాగుతున్నదని ఊపిరి పీల్చుకునేలోగా మూడోనాటి రాత్రి కథ అడ్డం తిరుగుతుంది. ఎప్పుడో కాలం చేసిన భర్త గుమ్మంలో నిలబడ్డాడంటుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటుంది. చేతికున్న సెలైన్ గొట్టాన్ని పీకి పారేస్తుంది. కన్నకూతురిని 'ఎవరు నువ్వు' అని అడుగుతుంది. 'వయసు మీద పడింది కదా, అదే సర్దుకుంటుంది' అంటూ ఆసుపత్రి సిబ్బంది తేలిగ్గా తీసేస్తారు. కొందరికి నిజంగానే సర్దుకుంటుంది. మరికొందరికి సర్దుకోదు. కాళ్లకు నడక వచ్చినా ఇంటికి మునుపటి మనిషి తిరిగిరాదు. దేశంలో వేలాది కుటుంబాలు మౌనంగా అనుభవిస్తున్న ఈ వ్యథకు ఆసుపత్రుల విజయాల చిట్టాలో చోటు లేకపోవడం శోచనీయం.

తెలుగునాట పెద్దలు ఈ స్థితిని ఎరగనివారేమీ కాదు. తీవ్రజ్వరంలో రోగి పొంతనలేని మాటలాడితే 'సంధి పుట్టింది' అనేవారు. ఆ మాటలను సంధి ప్రేలాపనలనేవారు. ఆధునిక వైద్యం డెలీరియం అని పిలుస్తున్నది దానినే. గంటల్లో, రోజుల్లో హఠాత్తుగా తలెత్తడం, పగలు కాస్త తెరిపి ఇచ్చి రాత్రి ముదరడం, దేనిమీదా దృష్టి నిలవకపోవడం దాని లక్షణాలు. దానికి రెండు ముఖాలున్నాయి. కేకలు, పెనుగులాట, భ్రమలు ఒక ముఖం. అది అందరి కంటా పడుతుంది. రెండో ముఖం నిశ్శబ్దం. రోగి మంచం మీద కదలక మెదలక పడి ఉంటాడు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటాడు, ముద్ద నోట పెడితే నమలడం మరచిపోతాడు. 'తాతగారు ప్రశాంతంగా నిద్రపోతున్నారు' అని అందరూ సంతోషిస్తారు. సంధికి గురైన వృద్ధుల్లో ఎంతోమంది ఈ రెండో కోవకు చెందినవారే. అడిగి పరీక్షించేవారు లేనందువల్ల వారి దుస్థితి ఎవరి దృష్టికీ రాదు.

ఇంతకన్నా నెమ్మదిగా, చాపకింద నీరులా ముంచుకొచ్చే కీడు మరొకటి ఉంది. సంధి తగ్గిపోయాక, ఒక్కోసారి అసలు సంధి పొడచూపకుండానే, నెలల తరబడి బుద్ధి మందగిస్తుంది. పాలవాడి లెక్క తప్పుతుంది. పూటకు వేసుకోవలసిన మాత్ర గుర్తుండదు. పత్రిక చదువుతూ పై వరుసలో ఏముందో మరచిపోతారు. ఏ లోటూ లేకుండా ఇంటిని నడిపించిన మనిషి వంటింట్లో పొయ్యి ఆర్పడం మరవడంతో మొదలై, క్రమంగా పరాధీనులవుతారు. శస్త్రచికిత్సకు ముందూ వెనుకా తలెత్తే ఈ మతి సంబంధమైన రుగ్మతలన్నింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, కొత్త నిర్వచనాలు ఇస్తూ అంతర్జాతీయ నిపుణులు 2018లో ఉమ్మడి నామావళిని ఖరారు చేశారు. వ్యాధికి పేరు స్థిరపడడం చికిత్సకు తొలిమెట్టు. ఆ పేరు భారతీయ రోగి డిశ్చార్జి పత్రంలోకి మాత్రం ఇంకా అరుదుగానే ఎక్కుతోంది.

వైద్యలోకానికి ఇది నిన్న మొన్న తెలిసిన విషయం కాదు. మత్తుమందు తరువాత వృద్ధుల మెదడుకు వాటిల్లే హాని గురించి బెడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1955లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. అనుమానాన్ని అంకెల్లోకి తెచ్చిన అధ్యయనం అదే పత్రికలో 1998లో వెలువడింది. గుండెకు సంబంధించని పెద్ద శస్త్రచికిత్సలు చేయించుకున్న, అరవై ఏళ్లు పైబడిన 1,218 మందిని పరిశీలిస్తే, వారం తరువాత 25.8 శాతం మందిలో బుద్ధి మందగించింది. మూడు నెలల తరువాత కూడా 9.9 శాతం మంది తేరుకోలేదు. శస్త్రచికిత్స లేని అదే వయసు వారిలో ఈ క్షీణత మూడు నెలలకు 2.8 శాతమే. గుండె బైపాస్ రోగులపై 2001లో అమెరికాలో వెలువడిన మరో అధ్యయనం, ఆసుపత్రి వదిలే నాటికి 53 శాతం మందిలో, ఆరు నెలలకు 24 శాతం మందిలో, అయిదేళ్లకు 42 శాతం మందిలో క్షీణత కనిపించిందని తెలిపింది. బైపాస్ చేయించుకోని గుండె జబ్బు రోగుల్లోనూ ఏళ్లు గడిచేకొద్దీ అలాంటి క్షీణతే ఉన్నదని తరువాతి పరిశోధనలు చెప్పాయి. కనుక దీర్ఘకాలపు నష్టానికంతటికీ కత్తినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. కానీ తొలి వారాల నష్టం నిర్వివాదాంశం.

'అంతా మత్తుమందు మహిమ' అన్న అభిప్రాయం జనంలో బలంగా నాటుకుంది. పూర్తిగా తెలివి తప్పించకుండా వెన్నుకు సూది ఇచ్చి ఆపరేషన్ చేస్తే మతికి ఢోకా ఉండదన్నది దానికి అనుబంధంగా పుట్టిన నమ్మకం. వాస్తవం అంత సులువుగా లేదు. తుంటి ఎముక విరిగిన 1,600 మందిపై అమెరికా, కెనడాల్లో జరిపి 2021లో ఫలితాలు ప్రకటించిన ప్రయోగంలో వెన్నుకు మత్తు ఇచ్చినవారిలో 20.5 శాతానికి, పూర్తి మత్తు ఇచ్చినవారిలో 19.7 శాతానికి సంధి సోకింది. తేడా లేదనే చెప్పాలి. శరీరానికి తగిలిన పెద్ద గాయం రేపే వాపు తాపం రక్తంలో పాకి మెదడునూ కలవరపెడుతుందన్నది నిపుణులు ప్రధానంగా భావిస్తున్న కారణం. నొప్పి, నిద్రలేమి, నీటి కొరత, అంటువ్యాధి, మూత్రం బిగించడం, మలబద్ధకం, పొసగని మందులు ఆ అగ్నికి ఆజ్యం పోస్తాయి. యవ్వనంలో మెదడు ఈ దెబ్బలను ఓర్చుకోగలదు. వయసుతో ఆ నిల్వశక్తి తరిగిపోయినవారు చిన్న తాకిడికే తూలిపోతారు. సంధి అన్నది ఒకరకంగా మెదడు ఎంత బలహీనంగా ఉన్నదో బయటపెట్టే హెచ్చరిక.

అందువల్లనే ప్రమాదం అందరికీ సమానం కాదు. అప్పటికే జ్ఞాపకశక్తి సన్నగిల్లినవారు, చూపు, వినికిడి మందగించినవారు, తిండి సరిపోక చిక్కి శల్యమైనవారు, రోజూ మద్యం పుచ్చుకునేవారు, రకరకాల మాత్రలు మింగుతున్నవారు ముందు వరుసలో ఉంటారు. భారతదేశంలో ఈ వరుస చాలా పొడవైనది. దేశవ్యాప్తంగా వృద్ధులపై జరిగిన అధ్యయనం ఆధారంగా 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది, చిత్తవైకల్యంతో జీవిస్తున్నారు. పురుషుల్లో కన్నా మహిళల్లో, పట్టణాల్లో కన్నా పల్లెల్లో ఈ నిష్పత్తి ఎక్కువ. వీరిలో అత్యధికులకు తమకా జబ్బు ఉన్నదన్న సంగతే తెలియదు. ఇంట్లోవారు దాన్ని చాదస్తమనుకుంటారు. అటువంటి మనిషి ఆపరేషన్ బల్ల ఎక్కేముందు గుండెకు ఈసీజీ, ఛాతీకి ఎక్స్‌రే, రక్తంలో చక్కెర పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. మెదడు ఎలా ఉందో తెలుసుకునేందుకు అయిదు నిమిషాలు వెచ్చించి నాలుగు ప్రశ్నలు వేసే ఆనవాయితీ మాత్రం అత్యధిక ఆసుపత్రుల్లో లేదు.

దేశం వేగంగా వృద్ధాప్యంలోకి అడుగిడుతున్న తరుణమిది. 2011 జనాభా లెక్కల ప్రకారం అరవై దాటినవారు 10.4 కోట్ల మంది. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా ప్రకారం 2022 నాటికి వారి సంఖ్య 14.9 కోట్లకు చేరింది. 2050 నాటికి 34.7 కోట్లు దాటవచ్చన్నది అదే నివేదిక సారాంశం. అప్పటికి ప్రతి అయిదుగురిలో ఒకరు వృద్ధులే. దక్షిణాది ఇందులో ముందున్నది. 2021 నాటి అధికార అంచనాల్లో వృద్ధుల వాటా కేరళలో 16.5 శాతం, తమిళనాడులో 13.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. పొరుగున శ్రీలంకలో 2012 నాటికే ఆ వాటా 12 శాతం దాటింది. ఒకనాడు 'ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు' అని వదిలేసిన జబ్బులకు నేడు ఎనభయ్యో పడిలోనూ శస్త్రచికిత్స జరుగుతోంది. మోకీళ్ల మార్పిడి, తుంటి ఎముకల అమరిక, గుండె బైపాస్, పేగు క్యాన్సర్ తొలగింపు జిల్లా కేంద్రాల దాకా విస్తరించాయి. హర్షించవలసిన పరిణామమే. అయితే శస్త్రచికిత్స నైపుణ్యం పెరిగిన వేగంతో వృద్ధ రోగి సంరక్షణ పెరగలేదు.

ఇందులో ప్రభుత్వ బాధ్యత మునుపటికన్నా ఇప్పుడు ఎన్నో రెట్లు అధికం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదవాడి శస్త్రచికిత్సకు సర్కారే బిల్లు చెల్లించే పద్ధతిని ప్రజలకు పరిచయం చేసింది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి అయిదు లక్షల రూపాయల చికిత్స హామీ ఇచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆదాయంతో నిమిత్తం లేకుండా డెబ్భై ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ దాన్ని వర్తింపజేసింది. నాలుగున్నర కోట్ల కుటుంబాలకు చెందిన ఆరు కోట్ల మంది వృద్ధులు లబ్ధిదారులన్నది కేంద్రం లెక్క. ఆరోగ్య బీమా కొనుగోలుకు అరవై అయిదేళ్ల గరిష్ఠ వయోపరిమితిని బీమా నియంత్రణ సంస్థ అదే ఏడాది ఏప్రిల్‌లో తొలగించింది. అంటే దేశంలో వృద్ధుల శస్త్రచికిత్సలకు అతిపెద్ద కొనుగోలుదారు ఇక ప్రభుత్వమే. డబ్బు చెల్లించేవాడికి సరుకు నాణ్యతను నిలదీసే హక్కుంటుంది. ప్యాకేజీ ధరలు శస్త్రచికిత్స చుట్టూ, అమర్చే పరికరం చుట్టూ అల్లుకుని ఉన్నాయి. రోగి ఏ మతితో వచ్చాడు, ఏ మతితో వెళ్లాడు అన్న ప్రశ్న బిల్లు చెల్లింపునకు షరతు కావలసిన అవసరం ఉంది.

ఈ వ్యథలో పెద్ద భాగం నివారించదగినది కావడం వల్లనే ఉపేక్ష మరింత గర్హనీయమవుతున్నది. సంధి కేసుల్లో స్థూలంగా మూడోవంతును ముందుజాగ్రత్తతో ఆపవచ్చునని నిపుణుల అంచనా. విచిత్రమేమంటే దానికి ఖరీదైన మందులేవీ అక్కరలేదు. అమెరికాలో షారన్ ఇనూయే బృందం ఆసుపత్రిలో చేరిన 852 మంది వృద్ధ రోగులపై జరిపి 1999లో ప్రకటించిన అధ్యయనంలో, మామూలు సంరక్షణ పొందినవారిలో 15 శాతానికి సంధి సోకగా, ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నవారిలో అది 9.9 శాతానికి తగ్గింది. శస్త్రచికిత్స రోగులకు సైతం ఆ పద్ధతి వర్తిస్తుందని తైవాన్ నిరూపించింది. పొట్టకు పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న వృద్ధులపై అక్కడ జరిపి 2017లో వెల్లడించిన ప్రయోగంలో సంధి రేటు 15.1 శాతం నుంచి 6.6 శాతానికి దిగింది. వారు చేసిందేమిటి? రోజూ రోగితో మాట్లాడి తేదీ, చోటు గుర్తుచేయడం. నోరు శుభ్రపరచి తినడానికి, తాగడానికి తోడ్పడడం. వీలైనంత త్వరగా మంచం దింపి నడిపించడం. మూడే మూడు పనులు!

ఇంతకన్నా సామాన్యమైన జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. శస్త్రచికిత్స గదిలోకి తీసుకెళ్లేముందు గాజులు, ఉంగరాలతోపాటు కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు కూడా మూటగట్టి బంధువుల చేతిలో పెడతారు. ఆ మూట రెండు మూడు రోజుల దాకా విప్పరు. కనిపించని, వినిపించని, నమలలేని మనిషి చుట్టూ అపరిచితుల ముఖాలు, ఆరని దీపాలు, ఆగని యంత్రాల మోత. మతి నిలిచే దారేది? మెలకువ రాగానే జోడు తగిలించడం, రాత్రి దీపాలు తగ్గించి నిద్రపోనివ్వడం, పగలు కిటికీ తెరవడం, ఎదుట గడియారం, క్యాలెండరు వేలాడదీయడం, అవసరం తీరగానే మూత్రనాళపు గొట్టం తొలగించడం, నొప్పిని సకాలంలో తగ్గించడం సంధికి విరుగుళ్లు. మందుల విషయంలో మరింత మెలకువ కావాలి. నిద్రమాత్రలు, పాతతరం అలర్జీ మాత్రలు వృద్ధుల మెదడును మసకబారుస్తాయని ప్రామాణిక జాబితాలు దశాబ్దాలుగా హెచ్చరిస్తున్నాయి. కేకలేస్తున్న రోగిని నిద్రపుచ్చేందుకు అవే మందులు వాడడం మంటను ఆర్పడానికి నూనె చల్లడమే. ఏళ్ల తరబడి రాత్రిపూట నిద్రమాత్రకో, రెండు పెగ్గులకో అలవాటుపడిన పెద్దాయన ఆ సంగతి దాచిపెడితే, హఠాత్తుగా అవి ఆగిపోవడమే సంధికి కారణం కావచ్చు. ఆ నిజాన్ని వైద్యుడికి చెప్పడం కుటుంబం కర్తవ్యం.

ఒక్క విషయంలో భారతదేశానికి సంపన్న దేశాలకు లేని బలముంది. ఇక్కడ రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. కొడుకో, కోడలో, కూతురో, మనవడో వెంట ఉంటారు. వరండాలో చాప పరుచుకుని పడుకుంటారు. అమెరికా ఆసుపత్రులు శిక్షణ ఇచ్చిన స్వచ్ఛంద సేవకులతో చేయిస్తున్న పనిని ఇక్కడ సొంత మనుషులు సొంత భాషలో చేయగలరు. 'నేనే అమ్మా, పెద్దదాన్ని, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, కాలికి ఆపరేషన్ అయింది' అని చేయి పట్టుకుని చెప్పగల కూతురికి మించిన ఔషధం లేదు. దురదృష్టవశాత్తూ రోగికి ఆ తోడు అత్యవసరమైన చోటనే దాన్ని నిషేధిస్తున్నారు. ఐసీయూ తలుపు దగ్గర బంధువులను ఆపేసి, రోజుకు కొద్ది నిమిషాలు అద్దం వెనుక నుంచి చూపించే పద్ధతి ఎన్నో ఆసుపత్రుల్లో పాతుకుపోయింది. లోపల భయంతో పెనుగులాడే ముసలి ప్రాణానికి చేతులు మంచానికి కట్టేస్తారు. బంధనం సంధిని పెంచుతుందే తప్ప తగ్గించదు. అంటువ్యాధుల భయం నిరాధారమని అనలేం. చేతులు కడిగించి, ఒక్క మనిషిని నిర్ణీత వేళల్లో లోపలికి రానివ్వడానికి ఆ భయం అడ్డు కాకూడదు. అదే సమయంలో ఈ సేవ మొత్తం ఆడవారి నెత్తిన పడుతున్నదనీ, కూలి మానుకుని కూర్చునేవారికి పూట గడవదనీ మరవరాదు. కుటుంబం నర్సుకు తోడు కాగలదు గానీ, నర్సుకు ప్రత్యామ్నాయం కాలేదు.

చదువురాని వృద్ధుల మతిని ఎలా కొలవాలన్న సందేహం తరచు వినిపిస్తుంది. 2011 లెక్కల్లో అరవై దాటినవారిలో అక్షరాస్యులు 44 శాతమే. వాక్యం రాయమనీ, వందలోంచి ఏడేసి తీసివేయమనీ అడిగే పాశ్చాత్య పరీక్షలో జీవితమంతా పొలం లెక్కలు నోటితో చేసిన రైతు తప్పుతాడు. అది అతడి బుద్ధి లోపం కాదు, పరీక్ష లోపం. ఈ చిక్కుముడిని దేశంలోనే విప్పారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణుల కోసం భారత, అమెరికా పరిశోధకులు అక్షరజ్ఞానంతో పనిలేని ప్రశ్నావళిని రూపొందించి 1995లో ప్రచురించారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం జ్ఞాపకశక్తి పరీక్షలను తెలుగుకు అనువుగా మలచింది. ఆ బృందమే 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతున్నదని 2013లో లోకానికి చాటింది. పనిముట్లు ఉన్నాయి. అవి నాడీవైద్య విభాగం గడప దాటి ఎముకల వార్డుకు, శస్త్రచికిత్స వార్డుకు చేరకపోవడమే లోపం.

కాలహరణం మరో శత్రువు. తుంటి విరిగిన వృద్ధులకు ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మేలు. నొప్పితో, కదలలేక గడిచే ప్రతి రోజూ మతినీ, ఊపిరితిత్తులనూ, చర్మాన్నీ దెబ్బతీస్తుంది. ఇక్కడ మాత్రం మొదటి రెండు రోజులు నాటు వైద్యానికీ, పుత్తూరు కట్టు మీది నమ్మకానికీ, మరో రెండు రోజులు డబ్బు వెతుకులాటకూ, ఆ తరువాతి రోజులు అనుమతి పత్రాలకూ కరిగిపోతుంటాయి. బ్రిటన్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఇంగ్లండ్‌లో 2010లో మొదలైన పద్ధతి కింద తుంటి విరిగిన రోగికి 36 గంటల్లోగా శస్త్రచికిత్స చేసి, వృద్ధుల వైద్య నిపుణుడితో పరీక్ష చేయించి, మతి పరీక్షలు కూడా నిర్వహించిన ఆసుపత్రికి అదనపు సొమ్ము ముడుతుంది. షరతులు నెరవేరకపోతే ఆ సొమ్ము దక్కదు. ఉపన్యాసాల వల్ల మారని అలవాట్లు బిల్లుల వల్ల మారతాయి. ఆయుష్మాన్ భారత్, రాష్ట్రాల ఆరోగ్య పథకాలు అనుసరించదగిన మార్గమిది.

'ఇంత ప్రమాదముంటే ముసలివారికి ఆపరేషన్లు మానేస్తే పోదా' అని వాదించేవారూ లేకపోలేదు. అది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం లాంటిది. విరిగిన తుంటిని అలాగే వదిలేస్తే మంచం పుళ్లు, న్యుమోనియా, దుర్భరమైన మరణం ఎదురుచూస్తుంటాయి. కంటి శుక్లాల ఆపరేషన్ సంగతి చూస్తే, అది చేయించుకున్న వృద్ధుల్లో చిత్తవైకల్యం సుమారు 30 శాతం తక్కువగా కనిపించిందని 2022లో వెలువడిన అమెరికా అధ్యయనం చెబుతోంది. అది శుక్లాల ఆపరేషన్ వల్లనే జరిగిందని ఖాయంగా తేల్చలేకపోయినా, చూపు మతికి అండ అనడానికి ఆధారమే. కావలసింది నిషేధం కాదు, విచక్షణ. వాయిదా వేయగల మోకీళ్ల మార్పిడి వంటి వాటికి ముందు కొన్ని వారాలు తిండి, నడక, రక్తహీనత, మందుల జాబితా సరిదిద్దుకోవచ్చు. ఆపరేషన్ వల్ల ఒనగూడే మేలెంత, మతికి పొంచివున్న ముప్పెంత అన్నది సంతకం తీసుకునే ముందే రోగికీ, కుటుంబానికీ అర్థమయ్యే తెలుగులో వివరించాలి. ప్రాణానికి హామీ లేదన్న షరతు మీద సంతకం తీసుకునే ఆసుపత్రులు, మతి గురించి ఒక్క ముక్కయినా చెప్పకపోవడం రోగి హక్కును కాలరాయడమే.

డిశ్చార్జి తరువాతి దశ ఇంకా దయనీయం. కుట్లు విప్పించుకోవడానికి ఎప్పుడు రావాలో రాసిస్తారు. మతి చెదిరితే ఎవరిని కలవాలో రాయరు. ఇంటికి చేరిన పెద్దావిడ పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తులు కట్టించే కుటుంబాలున్నాయి. కావాలని సాధిస్తున్నదని విసుక్కునేవారున్నారు. ఆ అయోమయ స్థితిలో బ్యాంకు కాగితాల మీద, ఆస్తి పత్రాల మీద వేలిముద్రలు వేయించుకునే ప్రబుద్ధులకూ కొదవ లేదు. సంధి సోకినవారిలో తరువాతి కాలంలో చిత్తవైకల్యం తలెత్తే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నందున, మూడు నెలలకోసారైనా వారిని మళ్లీ పరీక్షించడం అవసరం. ఆ పని చేయడానికి మనుషులేరి? వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం మొదలై (2010-11) దశాబ్దంన్నర అవుతోంది. వృద్ధుల వైద్యంలో ఎండీ కోర్సును మద్రాసు వైద్య కళాశాల 1996లోనే ప్రారంభించి దారి చూపింది. అయినా దేశంలో ఆ నిపుణుల సంఖ్య అవసరంతో పోలిస్తే సముద్రంలో కాకిరెట్టంత. నిపుణులు తయారయ్యేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. సంధిని పసిగట్టే చిన్న పరీక్షను నర్సులకు కొద్దిపాటి శిక్షణతోనే నేర్పవచ్చు.

ప్రభుత్వాలు తక్షణం చేయవలసినవి కోట్ల రూపాయల పనులు కావు. డెబ్భై దాటిన ప్రతి రోగికీ శస్త్రచికిత్సకు ముందు, తరువాత మతి పరీక్ష జరిపి, ఫలితాన్ని రికార్డులో నమోదు చేయడాన్ని పథకాల చెల్లింపునకు షరతుగా పెట్టాలి. తుంటి విరిగినవారి ఆపరేషన్‌కు ముందస్తు అనుమతుల జాప్యాన్ని గంటల్లోకి కుదించాలి. ఐసీయూల్లో వృద్ధ రోగి వద్ద ఒక బంధువు ఉండేందుకు వీలు కల్పిస్తూ నిబంధనలు సవరించాలి. జోడు, వినికిడి యంత్రం, పళ్లు రోగి పక్కనే ఉండాలన్న చిన్న నియమం ప్రతి వార్డు గోడ మీదా కనిపించాలి. డిశ్చార్జి పత్రంలో మతి స్థితికి ఒక గడి కేటాయించాలి. వైద్య కళాశాలలు తమ తమ వార్డుల్లో సంధి లెక్కలు సేకరించి ప్రకటించాలి. లెక్కలోకి రాని బాధకు బడ్జెట్‌లో చోటు దొరకదు.

నిండు జీవితం చూసిన మనిషికి మిగిలే ఆస్తి జ్ఞాపకాలే. తన పేరు, తనవారి ముఖాలు, తన ఇంటి గుమ్మం గుర్తుండడమే వృద్ధాప్యంలో స్వాతంత్ర్యం. ఎముక అతికించి, రక్తనాళం సరిచేసి, ఆ ఆస్తిని పోగొట్టి ఇంటికి పంపే వైద్యం సగం వైద్యమే అవుతుంది. ఆరు కోట్ల మంది వృద్ధుల చికిత్సకు హామీ పడిన ప్రభుత్వం ఆ హామీలో వారి మతిని కూడా చేర్చుకోవాలి. శస్త్రచికిత్స గదిలోకి తీసుకెళ్లిన తల్లి బయటికి వచ్చి, పిల్లలను పేరుపెట్టి పిలిచిన నాడే 'ఆపరేషన్ విజయవంతమైంది' అన్న మాటకు నిండు అర్థం చేకూరుతుంది.